నాలుగూ ఐదుకు నా సంతకం

ఆ రోజుల్లో మనిషి మనసు గురించి నాకు తెలియనిది లేదని నా నమ్మకం. చిట్టమూరు దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే మా ఊరి గ్రంథాలయంలో మనస్తత్వశాస్త్రం పుస్తకాలు తొమ్మిది ఉండేవి. ఇంటర్ అయ్యేలోపే అన్నీ చదివేశాను. వాటిలో లావుపాటి దానికి అట్టా లేదు, మొదటి మూడు అధ్యాయాలూ లేవు (అందువల్ల ఆరోగ్యమైన మనసు ఎలా ఉంటుందో నాకు తెలియదు, జబ్బులు మాత్రం అన్నీ వచ్చు). ఇంత చదువుకున్న నేను నెల్లూరు కాలేజీలో సైకాలజీ పరిశోధన, రచన కోర్సుకు దరఖాస్తు పెడితే, అక్కడి మేడమ్ నా పాండిత్యాన్ని అడగనే లేదు. "పదిరోజులు ఒకేచోట కూర్చుని, చూసింది చూసినట్టు నోట్సు రాసుకురా. నువ్వు అనుకున్నది రాయొద్దు. దాన్నిబట్టే సీటు" అన్నారు.

చోటు కోసం వెతుక్కోలేదు. రోజూ సాయంత్రం నాలుగు దాటగానే గ్రంథాలయానికి వెళ్లి కూర్చునేదాన్ని. పది కుర్చీలు, మూలుగుతూ తిరిగే ఫ్యాను, బల్ల వెనక లైబ్రేరియన్ గారు. ప్రతి పుస్తకానికీ ఠపీమని ముద్ర కొడతాడని ఊరంతా ఆయన్ని స్టాంపు సారు అనేది. మేమిద్దరం తప్ప ఇంకో ప్రాణి ఉండేది కాదు. దూరంగా రొయ్యల గుంటల్లో నీళ్లు చిలికే చక్రాల చప్పుడు. సముద్రపు గాలికి పేపర్లు వాటంతటవే తిరగబడేవి, ఎవరో ఆ పేజీ చదవడం అయిపోయినట్టు. గుమ్మం దగ్గర పాఠకుల రిజిస్టర్‌లో సంతకం పెట్టబోతే మాత్రం, నా కంటే ముందు తొమ్మిది సంతకాలు. తడి ఆరని సిరా. ఎదురుగా ఖాళీ కుర్చీలు. మూడోరోజు పేర్లు చదివాను. రెండో పేరు మా తాతయ్యది. ఆయన పోయి మూడేళ్లు. చివర తోక లాగే ఆయన సంతకమే అది. నోట్సులో "తాతయ్య వచ్చారు" అని రాసి, అది చూసిందో అనుకున్నదో తేలక కొట్టేశాను.

ఆరోరోజు జ్వరం, వెళ్లలేదు. ఏడోరోజు వెళ్లి చూస్తే ముందురోజు పేజీలో పదో పేరు నాది. వచ్చిన టైము నాలుగూ ఐదు. మేధావి లక్షణమనుకుని నేను సంతకం కింద పెట్టుకునే రెండు చుక్కలతో సహా. అల్మారాలోంచి అట్టలేని పుస్తకం తీసుకుని ఇంటికి పరుగెత్తి తెరిచాను. తనకు తెలియకుండా లేచి తిరిగే రెండో మనిషి గురించి అందులో పదకొండు పేజీలున్నాయి. ప్రతి వాక్యమూ నేనే.

"అక్కా, నిన్న నేను యాడికన్నా పోయినానా?"

"యాడికి పోతావుమే? మంచం దిగలా. మూడుసార్లు కషాయం తాగించినా."

"మధ్యలో నీకు తెలీకుండా లేచి పోయింటే?"

"పోయింటే కషాయమన్నా తప్పేది గదా నీకు!"

అక్క నవ్వింది కానీ నాకు ఏడుపొచ్చింది. తన మనసే తన చేతిలో లేని మనిషి ఇంకొకరి మనసు మీద పరిశోధన ఏం చేస్తుంది? సీటు వద్దని మేడమ్‌కు చెప్పేయాలనుకున్నాను. చెప్పేముందు ఆ రెండో నన్ను కళ్లారా చూడాలని ఎనిమిదోరోజు మూడున్నరకే వెళ్లి కిటికీ పక్కన నిలబడ్డాను.

లోపల స్టాంపు సారు ఒక్కడే. మొదటి కుర్చీలో కూర్చుని పేపర్లో నాలుగు వరుసలు చదివి, లేచి రిజిస్టర్‌లో సంతకం పెట్టాడు. కలం మార్చాడు. రెండో కుర్చీలో కూర్చోగానే నడుము వంగిపోయింది. గొంతు సవరించుకుని రెండుసార్లు దగ్గాడు. అది మా తాతయ్య దగ్గు. అలా తొమ్మిది కుర్చీలూ అయ్యాక, తల తిప్పకుండానే అన్నాడు:

"లోపలికి రా పాపా. నీ పేరు ఇంకా రాయలా."

(ఎలా వెళ్లానో నోట్సులో లేదు.)

"రోజుకి పదిమందన్నా రాకపోతే దీన్ని ఎత్తేసి నాయుడుపేటలో కలిపేస్తామన్నారు పాపా. వచ్చేది నువ్వొకదానివే. మొన్న నువ్వూ రాకపోతివి."

"మరి తాతయ్య ఎందుకు సార్?"

"బతికినన్నాళ్లూ ఒక్కరోజు మానలా ఆయన. పేరు కొట్టేయబోతే చెయ్యి రాలా."

"ఆ చదవడం, దగ్గడం?"

"ఊరికే సంతకం పెడితే దొంగతనం గదా! వాళ్ల వంతు చదివి పెడతా వుండా" అని, నా వైపు కోపంగా చూశాడు. "నీదే కష్టం. ఆ అట్టలేని పుస్తకం రెండు పేజీలు చదివేసరికి నాకు లేని జబ్బు లేదనిపించింది."

పదోరోజు తర్వాత మేడమ్ నా నోట్సు తిరగేశారు. చూసింది చూసినట్టు రాస్తే నాకు సీటు, ఊరి గ్రంథాలయానికి తాళం. ఆమె వేలు ఒకచోట ఆగింది. "ఎనిమిదోరోజు, తొమ్మిదిమంది పాఠకులు. ఈ దగ్గిన ఆయన ఎవరు?"

"మా తాతయ్య, మేడమ్."

"చూశావా?"

"చూశాను."

ఆమె నోట్సు మూసి, "సరే, చేరు" అన్నారు.

ఇప్పుడు నేను పిల్లలకు అదే కోర్సు చెబుతున్నాను. నా చదువంతా ఫోన్లోనే, రెండు పేజీలకు నిద్రొస్తుంది. పోయిన నెల ఊరెళ్లినప్పుడు గ్రంథాలయంలో అడుగుపెట్టాను. స్టాంపు సారు జుట్టు మొత్తం తెల్లబడింది. కలం అందుకుని రిజిస్టర్ తెరిచాను. పదో పేరు అప్పటికే ఉంది, నాలుగూ ఐదు, కింద రెండు చుక్కలు. ఆ చుక్కలు నేను మానేసి చాలా ఏళ్లయింది. అప్పటి ఆ పిల్ల మానలేదు, రోజూ వచ్చి చదువుకుంటోంది. ఆమె చదువుకు అడ్డం రావడం ఎందుకని, కలం చప్పుడు కాకుండా అక్కడే పెట్టేసి, పదో కుర్చీ ఖాళీగా వదిలి పక్కదాంట్లో కూర్చున్నాను.