పొయ్యికి మూడు బొక్కలు

మా ఇంటి వెనక వసారాలో ఉన్న కట్టెల పొయ్యికి మూడు బొక్కలున్నాయి. వెనకవైపు, నేలకు జానెడు ఎత్తులో, బొటనవేలు దూరేంత వెడల్పున వరసగా ఉంటాయి. కొత్తగా చూసినవాళ్లు ఎలుక పనేమో అనుకుంటారు. శుక్రవారం పొద్దున పొయ్యి అలకడం అయ్యాక నేను ఆ మూడింట్లోనూ వేలు పెట్టి తిప్పి, మట్టి అంటిన ఆ వేలిని మా ఆవిడకు చూపిస్తాను. ఆమె తల ఊపితేనే నాకు కాఫీ. మూడేళ్లుగా ఇదే ఆచారం.

మార్కాపురం ఊరు అయిపోయి పెద్దారవీడు వైపు రోడ్డు సాగే చోట మా ఇల్లు. ముప్పై ఏళ్లు దినపత్రికకు వార్తలు రాశాను. నేను ఊళ్లు తిరుగుతుంటే ఇంటిని నడిపింది ఆమె, ఆమె పెంచిన బర్రెలు. ఇప్పుడు రెండున్నాయి. గ్యాసు పొయ్యి వంటింట్లో ఉంది, కాఫీకీ కూరకూ అదే. కానీ బర్రెలకు ఉలవలు ఉడకాలి, స్నానానికి నీళ్లు కాగాలి, రాత్రికి సజ్జ రొట్టెలు కాలాలి. అవన్నీ వెనక వసారాలో కట్టెల మీదే. పొలాల్లో ఏరిన కంది కట్టె, గట్ల మీద కొట్టిన సర్కారు తుమ్మ మాకు ఎప్పుడూ ఉంటాయి.

ఆ పొయ్యి దగ్గర ఊదుగొట్టం పట్టుకుని కూర్చునే ఆమె ఊపిరి పాడు చేసుకుంది. మొదట పొద్దునపూట దగ్గు. తర్వాత బర్రెల కొట్టం దాకా నడిస్తే ఆయాసం. మాట మొదలుపెట్టి సగంలో ఆగి, గాలి పీల్చుకుని, మిగతా సగం చెప్పేది. పక్కనే ఉన్న నాకు అది అలవాటైపోయింది. ఆమె తక్కువ మాట్లాడుతోందనుకున్నాను, మాట్లాడలేకపోతోందని అనుకోలేదు.

ఊపిరితిత్తుల డాక్టరు ఫోటో చూసి సూటిగానే చెప్పాడు. పొగ మానాలి, మానకపోతే మందులతో లాభం లేదు. తిరుగు దారిలో బస్సులో ఆమెతో అన్నాను, కట్టెల పొయ్యి తీసేద్దామని, బర్రెలను అమ్మేద్దామని. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. బర్రెల్లో పెద్దదానికి దూడప్పుడు తల్లి చనిపోతే ఈమె సీసాతో పాలు పట్టి బతికించింది.  మార్కాపురం దగ్గరపడ్డాక, అవి లేకపోతే నేను పొద్దున్నే ఎందుకు లేవాల, అంది.

అప్పుడు నాకు పొయ్యిలు కట్టే ఒకామె గుర్తొచ్చింది. ఎప్పుడో మండలాఫీసులో ఆడవాళ్లకు పొగరాని పొయ్యిలు కట్టడం నేర్పుతున్నారంటే వెళ్లి నాలుగు లైన్లు రాశాను. నేర్చుకున్న ఇరవై మందిలో ఆ పని వదలకుండా చేస్తున్నది ఆమె ఒక్కతే అని విన్నాను. కూలి పనులకు పోయే కుటుంబం, చర్చికి పోయేవాళ్లు. కూలి లేని రోజుల్లో ఊరూరా పొయ్యిలు కడుతుంది. కబురు పంపితే ఎండాకాలంలో వచ్చి రెండు రోజులు పని చేసింది. నన్ను అన్నా అంది, మా ఆవిడను వదినా అంది. మొదటి గంటలోనే ఆ ఇద్దరూ నన్ను లెక్కలోంచి తీసేశారు.

పుట్టమన్ను, ఎర్రమట్టి, ఊక, పేడ కలిపి ఒక పూట నానబెట్టి తొక్కింది. లోపల ఒక ఇనప డబ్బా నిలబెట్టింది. దాని పై అంచు చుట్టూ మేకు దూరేంత చిల్లులు. డబ్బాకీ మట్టి గోడకీ మధ్య సందు వదిలింది. పైకి సిమెంటు గొట్టం, బూడిద వాకిలికి మూతగా ఒక పలక ముక్క. వెనక మూడు బొక్కలు. నేను అలవాటు కొద్దీ చేతిలో నోటుపుస్తకం పట్టుకుని పక్కనే కుర్చీ వేసుకున్నాను. పొగ ఎక్కడికి పోతుందని అడిగాను.

"యాడికీ పోదన్నా. పొగ గూడా కట్టెనే. కాలకుండా మిగిలిన కట్టె. దాన్ని గూడా కాల్చాల."

వెనకనుంచి దూరిన గాలి సందులో వేడెక్కి, పై చిల్లుల్లోంచి మంట మీదికి వచ్చి, లేచే పొగను అక్కడే అంటిస్తుందని మా ఆవిడకు చెప్పింది, నాకు కాదు. ఆరిన తర్వాత మా ఆవిడ పసుపు రాసి కుంకుమ పెట్టింది. కట్టినామె కళ్లు మూసుకుని, చేతులు జోడించి, తన దేవుడికి నాలుగు ముక్కలు చెప్పుకుంది. ఇద్దరి తతంగమూ అయ్యాక పొయ్యి ముట్టించారు. కాసేపు మామూలు పొగ వచ్చింది. తర్వాత డబ్బా అంచు చుట్టూ చిన్న చిన్న మంటలు పూల దండలా లేచాయి. గొట్టంలోంచి సన్నటి వేడి గాలి తప్ప ఏమీ పోవడం లేదు. మా ఆవిడ బయటికి వెళ్లి కప్పు మీదికి చూసి, లోపలికి వచ్చి పొయ్యి చూసి, మళ్లీ బయటికి వెళ్లి చూసింది.

రెండు నెలలు అలా హాయిగా గడిచాయి. వానలు మొదలయ్యాక మా ఆవిడకు జ్వరం వచ్చి, రొమ్ము పట్టేసి, ఒంగోలులో పది రోజులు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. ఆమె చెల్లెలు తోడుగా ఉంది. బర్రెల కోసం నేను ఇంట్లో ఉన్నాను. పొయ్యి నా చేతికి రావడం అదే మొదలు. నిజానికి నేను దాన్ని ముట్టించలేదు. ఉలవలు గ్యాసు మీదే ఉడికించి, నీళ్లు చల్లవే పోసుకున్నాను.

శనివారం ఇంటికి పంపిస్తామన్నారు. శుక్రవారం ఫోనులో ఆమె చెప్పింది ఒకటే, పొయ్యి అలికి పెట్టు, ఒక్క పగులు కూడా ఉండకూడదు అని. మా వైపు ఇది పట్టింపు. ఊరినుంచి మనిషి తిరిగొచ్చే వేళకు పొయ్యి అలికి ముగ్గేసి ఉండాలి. పగిలిన పొయ్యి ఇంటికి మంచిది కాదు. నేను ఎర్రమట్టి తెచ్చి, పేడ కలిపి, మోకాళ్ల మీద కూర్చుని పొద్దంతా అలికాను. పెళ్లయ్యాక ఆమె కోసం నేను అంత శ్రద్ధగా చేసిన పని ఇంకొకటి లేదేమో. వేలితో తడిమి తడిమి ప్రతి బీటా పూడ్చాను. వెనక మూడు బొక్కలు కనిపించాయి. ఎలుకే అనుకున్నాను. వాటిలో మట్టి ముద్దలు గట్టిగా కూరి, పైన అరచేత్తో నున్నగా మెత్తాను. వంకర ముగ్గు కూడా ఒకటి వేశాను.

ఆమె వచ్చి, ముందు బర్రెల దగ్గరకు వెళ్లి, తర్వాత పొయ్యి చూసింది. ముఖం వెలిగింది. పర్వాలేదే, అంది. నేను కుర్చీలో కూర్చుని ఆ మాటను నెమరేసుకుంటూ ఉన్నాను. సాయంత్రం ఆమె తుమ్మ కట్టె పెట్టి ముట్టించింది.

అంచు మంటలు లేవలేదు. పొగ లేచింది. గొట్టంలోంచి నల్లగా కొంత పోయి, చాలనట్టు పొయ్యి నోట్లోంచి వసారాలోకి తన్నుకొచ్చింది. ఆమె లేవబోయి లేవలేక గుంజ పట్టుకుని కూలబడింది. పీల్చే మందు అందించాను. అది పనిచేసేదాకా ఆమె నా చెయ్యి వదల్లేదు. ఊపిరి కోసం ఆమె భుజాలు లేవడం, దిగడం, అంత దగ్గరగా నేను ఎప్పుడూ చూడలేదు. కాస్త తేరుకున్నాక తల తిప్పి కొట్టం వైపు చూస్తూ అంది.

"అమ్మేద్దాంలే."

అంతే. నేను పశువుల బేరగాడికి ఫోను చేశాను. సోమవారం వస్తానన్నాడు.

తర్వాత నాకు కోపం వచ్చింది. నిచ్చెన వేసుకుని గొట్టంలో గోనె ముక్క కట్టిన తాడు దించి లాగాను, మసి ఏమంత లేదు. కట్టె విరిచి చూశాను, ఆరిందే. ఇంక మిగిలింది కట్టిన మనిషే. రెండు నెలలు పనిచేసి పాడయ్యే పొయ్యి కట్టి, ఊపిరి ఆడని మనిషి నెత్తిన పెట్టింది. ఆమెకు ఫోను చేసి కఠినంగా మాట్లాడాను. పేపర్లో రాస్తానని కూడా అన్నాను. ఆమె అంతా విని, రేపు ఆదివారం గదన్నా, చర్చికి పోయి అట్నుంచి అట్లనే వస్తా, అంది. తప్పించుకోవడానికి అనుకున్నాను. ఆ రాత్రి కాగితం తీసి వార్త రాశాను. పొగరాని పొయ్యిల పొగ బండారం, అని శీర్షిక. పాత చెయ్యి కదా, పావుగంటలో అయిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం ఆమె తెల్లచీరలోనే వచ్చింది. కాళ్లు కడుక్కుని, మా ఆవిడ మంచం దగ్గర కాసేపు కూర్చుని, చేయి పట్టుకుని, ఒళ్లు చూసి, తర్వాత వసారాలోకి వచ్చింది. కప్పు వైపు చూడలేదు. పొయ్యి నోట్లోకీ చూడలేదు. నేరుగా వెనక్కి వెళ్లి గొంతుకూర్చుని గోడ మీద అరచెయ్యి పెట్టింది.

"వదినా, పొయ్యి అలికింది ఎవురు?"

గుమ్మం పక్క మంచం మీదినుంచి మా ఆవిడ నావైపు చూసింది. కట్టినామె కూడా నావైపు చూసింది. ముప్పై ఏళ్లు విలేకరిగా నేను ఇతరులను అలా చూశాను. చూపు ఇటు తిరిగితే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

"బాగా అలికినావన్నా. మా ఆడోళ్లకు గూడా ఇంత నున్నగా రాదు." కొడవలి అడిగి తీసుకుని, మొనతో మట్టి గీకుతూ అంది, "ముక్కు మూసినావు గదా దానికి. మనిషికి మూస్తే ఏమైతాదో నిన్న మా వదినను సూసినావు."

మూడు ముద్దలూ ఒకదాని తర్వాత ఒకటి ఊడి కింద పడ్డాయి. వాటిమీద నా వేలిముద్రలు స్పష్టంగా ఉన్నాయి. మా ఆవిడకు నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగాక మళ్లీ నవ్వింది. ఎలుక, ఎలుక, అని నన్ను చూపించింది.

ముట్టించడానికి కాగితం కావాలంటూ, పేపర్లో రాస్తానన్నది రాసినావా అన్నా అని ఆమె అడిగింది. లేదని అనబోయాను. రాత్రంతా అదే రాసినాడని మా ఆవిడ చెప్పేసింది. చదవమన్నారు. చదివాను. ఇద్దరూ శ్రద్ధగా విన్నారు. అయిపోయాక ఆమె ఒక్క తప్పే పట్టింది.

"మాది పెద్దారవీడు కాదన్నా, దాని పక్క ఊరు. అది మార్చుకో."

మార్చలేదు. కాగితం ఆమె చేతికిచ్చాను, ఆమె దాన్ని నలిపి కంది పుల్లల కింద పెట్టింది. కాసేపటికి డబ్బా అంచున చిన్న మంటలు వరసగా లేచి నిలబడ్డాయి. మా ఆవిడ మంచం దిగి వచ్చి, పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చుంది. దగ్గలేదు. నేను పెరట్లోకి వెళ్లి బేరగాడికి, రావద్దని ఫోను చేశాను.

ఆరోజు ముగ్గురం సజ్జ రొట్టెలు, పప్పు తిన్నాం. వెళ్లేటప్పుడు దారి ఖర్చులకు ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు. పెరుగు డబ్బా మాత్రం పట్టుకెళ్లింది. ఫోనులో నేనన్న మాటలకు క్షమించమని అడగాలని బస్సు ఎక్కేదాకా అనుకుంటూనే ఉన్నాను. ఆమె బస్సెక్కి, కిటికీలోంచి, వదినకు వేన్నీళ్లే ఇయ్యి అన్నా, అని చెప్పింది. ఇంటికొచ్చి ఎండాకాలం నాటి పుస్తకం వెతికాను. నా చేతిరాతలోనే ఉంది: వెనక మూడు బొక్కలు, గాలికి, మూయరాదు. కింద గీత కూడా గీశాను. విన్నాను, రాశాను, చూడలేదు. పత్రికలో ఉన్నప్పుడు ఎవరి గురించైనా తప్పు రాస్తే మర్నాడు లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో సవరణ వేసేవాళ్లం. ఈమె గురించి రాసింది అచ్చు కాలేదు కాబట్టి సవరణ కూడా పడలేదు. అందుకే ఇంత పెద్ద అక్షరాల్లో రాస్తున్నాను.

అప్పటినుంచి పొయ్యి పని నాదే. పొద్దున్నే పలక ముక్క జరిపి బూడిద తీస్తాను. కొంత అంట్లకు, కొంత వంగ మొక్కలకు. నెలకొకసారి నిచ్చెనెక్కి గొట్టంలో గోనె దించుతాను, గుప్పెడు మసి కూడా రాదు. తుమ్మ కట్టెను ఒక ఎండాకాలం పూర్తిగా ఎండనిచ్చాకగానీ వాడను. ఏడాదికోసారి ఇనప డబ్బా తుప్పు పట్టిందేమో చూడటానికి ఆమె వస్తుంది. ఒకసారి మార్చింది కూడా. ఊదుగొట్టంతో మా ఆవిడ ఇప్పుడు కోళ్లను అదిలిస్తుంది.

డాక్టరు ఫోటో తీసి బాగుందంటాడు. నాకు ఆ ఫోటో అర్థం కాదు. నా లెక్క వేరే. మొన్న చలికాలంలో ఒక పొద్దున నేను ఏదో ఆలోచిస్తూ, చేతికి దగ్గరగా ఉన్నాయని, కాలితే ఘాటెక్కే మిరప కట్టెలు పొయ్యిలో పేరుస్తున్నాను. కొట్టంలోంచి పాలచెంబుతో వస్తూ మా ఆవిడ చూసింది.

"మిరప కట్టె పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాల నీకు, కళ్లు పేపర్లో పెట్టి చేతులు పొయ్యిలో పెడితే ఇట్లనే ఉంటాది, ఆ బర్రె నయం, ఒకసారి అదిలిస్తే గుర్తు పెట్టుకుంటాది, అవి తీసి అవతల పారేసి కంది కట్టె తీస్కరాపో, నీళ్లు కాగాల, ఉలవలు ఉడకాల, నిలబడి సూస్తాండావేంది?"

ఇంత మాటా ఒక్క ఊపిరిలో అంది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. నేను కంది కట్టె కోసం వెంటనే కదలకుండా, ఇంకా ఏమైనా అంటుందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను.