కోట గోడ కింద రివర్స్

అమెరికాలోని నోవైలో తెలుగువాళ్ల ఇళ్లలో కారు వెనక్కి తీయడం ఇప్పటికీ కుటుంబమంతా కలిసి చేసే పని. భానుశ్రీ ఉద్యోగమే కార్ల వెనక కెమెరాలకి సాఫ్ట్‌వేర్ రాయడం. అయినా ఆమె రివర్స్ గేర్ వేయగానే అత్తగారు అనంతలక్ష్మి మంచులోకి దిగి, వెనక నిలబడి చెయ్యి ఊపుతారు. "రానీ... రానీ... మెల్లగా." కెమెరా తెర నిండా ఆవిడ మంకీ క్యాపే.

భానుశ్రీ ఆఫీస్‌వాళ్లతో సెయింట్ క్లెయిర్ సరస్సుకి వెళ్లి తెరచాప పడవ నడపడం నేర్చుకుంది. అభిరుచి మనిషిని మారుస్తుందంటారు. ఆమెనేం మార్చలేదు, శనివారాలు మాత్రం తినేసింది. కిందటి వేసవిలో ఒడ్డుకి చేరుస్తూ పడవని గట్టుకి గుద్దింది. అప్పట్నుంచి గట్టు దగ్గరపడితే చాలు, పడవ స్టీరింగ్ చక్రం భర్త అమర్‌నాథ్ చేతికిచ్చేసేది. ఈ సెప్టెంబర్‌లో ముగ్గురూ మాల్టా వెళ్లి పడవ అద్దెకు తీసుకున్నప్పుడు ఒకటే అనుకుంది: అక్కడి బీర్గు రేవులో పడవని తనే గట్టుకి చేర్చి కట్టాలి. చేతకాకపోతే ఇక పడవల జోలికి పోకూడదు.

బీర్గు ఫొటోలు అబద్ధం చెబుతాయి. వాటిలో రేవు పక్కనున్న కోట అందంగా ఉంటుంది. దగ్గరికెళితే అందం గుర్తుకు రాదు. నీళ్లలోంచి తేనెరంగు రాతిగోడ లేస్తుంది, లేస్తూనే ఉంటుంది. టర్కీ నౌకాదళాన్ని నెలల తరబడి ఆపిన గోడ అది. దాని కింద పడవలన్నీ వీపులు గట్టుకి ఆనించి వరసగా నిలబడి ఉన్నాయి. రెండు పడవల మధ్య సందులోకి వెనక్కి దూరాలి.

"మెల్లగా, అమ్మాయ్, మెల్లగా," పడవ వెనక నిలబడి చెయ్యి ఊపారు అనంతలక్ష్మి.

అలవాటుగా భానుశ్రీ ఇంజిన్ వేగం తగ్గించింది. కారుకైతే అది జాగ్రత్త. పడవకి అదే ముప్పు: వేగం లేకపోతే చుక్కాని పనిచేయదు. పక్కగాలి పడవ ముక్కుని తోసేసింది. పక్క పడవలోవాళ్లు లేచి, గుద్దుకోకుండా రబ్బరు బుడగలు అడ్డం పెట్టారు.

"ఆపు, ఆపు, అటు కాదు," అన్నారు అత్తగారు.

అమర్‌నాథ్ ఫోన్ తీశాడు. "భానూ, మెరీనా ఆఫీసుకి కాల్ చేస్తా. ఎవరో ఒకరొచ్చి పార్క్ చేస్తారు."

"చెయ్యకు. బయటికి వెళ్లి మళ్లీ వస్తా."

"నోవైలో ఇంత పట్టుదల లేదు నీకు."

"నోవైలో ఇంత గోడ లేదు."

పడవ తిప్పుకుని కోట కొన దాకా వెళ్లింది. గోడ నీడ ముగ్గురి మీదా పడింది. గాలి తగ్గలేదు గానీ చప్పుడేదో ఆగిపోయినట్టయింది. అనంతలక్ష్మి తల వెనక్కి వాల్చి చూశారు. ఇంకా వాల్చారు. ఊపాల్సిన చెయ్యి కిందికి జారింది. మెల్లగా కూర్చున్నారు.

"ఇదంతా చేతుల్తోనే పేర్చారా?" అని అడిగారు, గుళ్లో అడిగినట్టు.

అమర్‌నాథ్ ఫోన్ జేబులో పెట్టేసి తాడు పట్టుకున్నాడు. దారి చూపేవాళ్లు లేకుండానే భానుశ్రీ పడవ వీపుని మళ్లీ ఆ సందువైపు తిప్పి, ఈసారి ఇంజిన్ జోరు పెంచింది. చుక్కాని మాట వింది. రెండు పడవల మధ్య నీళ్లు సన్నబడ్డాయి, పడవ వెనక్కి వెనక్కి వెళ్లి, గట్టుకి మూరెడు దూరంలో ఆగింది. గట్టు మీది మనిషి నాచుపట్టిన తాడు అందించాడు. అమర్‌నాథ్ దాన్ని పడవ ముక్కు దాకా లాగి కట్టాడు.

పడవకీ గట్టుకీ మధ్య వేసిన పలక మీదుగా దిగి అనంతలక్ష్మి గట్టురాయి మీద అరచెయ్యి ఆనించారు. పొద్దు వాలినా వేడిగానే ఉంది. చాలాసేపు తీయలేదు.

డిసెంబర్‌లో, నోవైలో ఇండియన్ స్టోర్ బయట, భానుశ్రీ రివర్స్ గేర్ వేసింది. అనంతలక్ష్మి సీట్‌బెల్ట్ తీయలేదు.

"అమ్మా, దిగట్లేదా?" అన్నాడు అమర్‌నాథ్.

"కూర్చోరా. ఆ గోడ కింద పడవ పెట్టిన పిల్లకి ఈ డబ్బా ఎంత?"

కెమెరాలో మంచు ఒక్కటే ఉంది.