ప్రతిసారీ కొత్త కొలత
ఆపరేషన్‌లో నా పేగు కొసను పొట్ట మీదికి తెచ్చి, మలం పడటానికి దానికి సంచి తగిలించారు. ఆ సంచి కోరుట్ల బస్టాండులో మళ్లీ కారింది. ఆడవాళ్ల గదిలో మూలకు తిరిగి, నడుమ రంధ్రం కోసి సంచిని ఒంటికి అంటించే బిళ్లను విప్పుతుంటే, బుర్ఖా వేసుకున్న ఒక పెద్దమ్మ వచ్చి నాకు అడ్డంగా నిలబడింది.

"గీ జిగురు బిళ్లకు పొక్క గింత పెద్దగ కోసినవేంది బిడ్డా?"

"దవాఖానల ఇచ్చిన కొలతే అమ్మా. అన్నీ ఒక్కసారే కోసి పెట్టుకున్న."

బీడీలు చేసేదాన్ని. ఒకే రేకు కొలతతో కట్టలకొద్దీ ఆకు కత్తిరించడం నాకు అలవాటు.

ఆమె నవ్వింది. "ఇది బీడీ ఆకు గాదు. మానుతున్నకొద్దీ పేగు చిన్నగైతది. సందు మిగిలితే తోలు మండుతది. కొన్నాళ్లు ప్రతిసారి కొలువాలె."

"నీకెట్ల తెలుసమ్మా?"

నా చెయ్యి తీసుకుని తన పొట్ట మీద పెట్టుకుంది. బుర్ఖా కింద సంచి తగిలింది.

కోయని బిళ్ల ఒక్కటి మిగిలి ఉంది. నా చర్మం కడిగి, ఆరనిచ్చి, కొలిచి కోసింది. బిళ్లను అరచేతుల మధ్య వెచ్చబెట్టి అతికించింది. సిరిసిల్ల బస్సు రాగానే వెళ్లిపోయింది. పేరు కూడా అడగలేదు నేను.

ఇప్పుడు నేనూ బిళ్లను అరచేతుల మధ్య పట్టుకుంటాను. అది వెచ్చబడేసరికి, అవి నా చేతులు కావు, ఆ పెద్దమ్మవి అనిపిస్తాయి.