పరుగు కోసం పట్టించిన నూనె

ఒక హాల్లో మనుషుల్ని కుర్చీలు వేయకుండా నేల మీద ఎలా కూర్చోబెట్టానో చెబుతాను. తప్పంతా నాదేనని సిడ్నీలో మావాళ్లు ఇప్పటికీ అంటారు. మీరు మాత్రం చివరిదాకా విని తీర్పు చెప్పండి.

తొంభయ్యో సంవత్సరం ప్రాంతంలో సిడ్నీ శివారు గిరావీన్‌లో అద్దెకుండేవాళ్లం. చర్చికి వచ్చే గుంటూరు జిల్లా కుర్రాళ్లం కొందరం కలిసి ఇండోర్ ఫుట్‌బాల్ జట్టు కట్టాం. శనివారం మధ్యాహ్నం, నున్నటి చెక్క నేల ఉన్న హాల్లో ఆట. కెప్టెన్ జోసఫ్ అన్నయ్యది తెనాలి. మాట మెత్తగా వచ్చి ఎముకలో దిగుతుంది. ఒకరోజు అందరి ముందూ అన్నాడు:

"నువ్వు చేరేసరికి బంతికి వయసు మళ్లిపోతోంది తమ్ముడూ. ఈ నెల చూస్తా. మారకపోతే బయట కూర్చుని స్కోరు రాసుకుందువుగాని."

అందరూ నవ్వారు. ఎవరెవరు ఎంతసేపు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. వారమంతా గిడ్డంగిలో పెట్టెలు మోసేవాడికి ఆ శనివారం ఒక్కటే పండుగ. అదీ పోతే ఇంకేం మిగులుతుంది?

పనిలో నాతోటివాడు, ఒకప్పటి ఆటగాడు, కిటుకు చెప్పాడు. వేగం పరుగులో లేదట, గెంతులో ఉందట. తాడు నేల మీద పరిచి అటూ ఇటూ గెంతాలి. పాదం నేలకు తగిలీ తగలగానే లేవాలి. చటుక్కున తిరిగి నాలుగడుగులు దూసుకుపోవాలి.

మా ఆవిడ సుగుణ బట్టలారేసే తాడు విప్పి పెరట్లో పరిచింది. గుమ్మంలో నిలబడి కుడి అనేది, ఎడమ అనేది. నేను వేడి నూనెలో ఆవగింజలా ఎగిరేవాణ్ణి. పక్కింటి ముసలాయన కంచె మీంచి చూసి, ఇంట్లోకి పాము దూరిందా అని అడిగాడు. కాదని చెప్పి, సుగుణ పమిట నోటికడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. అదీ గుర్తుంది.

సాయంత్రానికి పిక్కలు రాళ్లయ్యేవి. ఆమె గోరువెచ్చటి నువ్వుల నూనెతో మర్దనా చేసి, సున్నిపిండితో రుద్ది, వేణ్ణీళ్లు పోసేది. పొద్దుటికి కాళ్లు దూదిపింజలు. నిజంగానే వేగం వచ్చింది. కదిలిపోతున్న బస్సును పట్టుకున్నాను. ఈ ఘనత గెంతులదా, నూనెదా అని బాగా ఆలోచించి, నూనెదేనని తేల్చుకున్నాను. గెంతులు ఇక్కడ అందరూ వేస్తారు. నువ్వుల నూనె పట్టించేది మనమే కదా.

ఆట రోజున సీసా సంచిలో వేసుకున్నాను. బట్టలు మార్చుకునే గదిలో మోకాళ్ల నుంచి మడమల దాకా ధారాళంగా పట్టించి, మేజోళ్లు తొడిగాను. సున్నిపిండీ వేణ్ణీళ్లూ ఆ వైద్యంలో సగమని నాకెవరూ చెప్పలేదు. చూశారా, ఇందులో నా తప్పెంత?

ఈల మోగింది. జీవితంలో మొదటిసారి బంతి దగ్గరికి అందరికంటే ముందు చేరాను. తన్నాను కూడా. చిక్కల్లా ఆగడంలో వచ్చింది. నూనె మేజోళ్లు తడిపి, గుడ్డ బూట్లలోంచి నేలకు దిగింది. గోడ నన్ను ఆపింది. అది లేకపోతే పారమటా స్టేషన్ దాకా వెళ్లేవాణ్ణి. వెనకే వచ్చిన జోసఫ్ అన్నయ్య పీట వేసినట్టు కూర్చున్నాడు. అవతలి జట్టువాళ్లు ఆయన పంక్తిలో కూర్చున్నారు. ఏమైందో చూద్దామని వచ్చిన రిఫరీ ఆఖరి విస్తరి దగ్గర చేరాడు.

రిఫరీ కూర్చున్నచోటే నేలను వేలితో తాకి వాసన చూశాడు.

"ఏంటిది, మేట్?"

"స్పీడ్ కోసం," అన్నాను.

ఆట ఆపేశారు. అందరం పాత పేపర్లతో నేల తుడిచాం.

"ఇన్నాళ్లూ నువ్వొక్కడివే పరిగెత్తలేకపోయేవాడివి తమ్ముడూ," అన్నాడు జోసఫ్ అన్నయ్య. "ఇప్పుడు హాల్లో ఎవ్వరూ పరిగెత్తలేరు."

జట్టుతో నా రుణం తీరిందనుకుని బెంచీ మీద తల వంచుకు కూర్చున్నాను. ఆట చూడ్డానికి వచ్చిన సుగుణ తువ్వాలు తెచ్చింది. అందరూ చూస్తుండగానే నా ముందు నేల మీద కూర్చుని, మేజోళ్లు విప్పి, కాళ్లు తుడవసాగింది. తల ఎత్తకుండానే అంది:

"మొదటి పరుగు చూశానండీ. మీరే ముందు."



"నేనూ చూశాలేమ్మా," అన్నాడు జోసఫ్ అన్నయ్య, నడుం పట్టుకుని. "వచ్చే శనివారం కూడా ఆడతాడు. కాళ్లు కడిగి పంపు."

హాలు మెట్ల మీద నిలబడి, కుడిచెయ్యెత్తి ప్రమాణం చేశాను: ఆట ఉన్న రోజున నూనె సీసా ముట్టను, పోపులోకైనా సరే. కాళ్లు కడిగి పంపమని పసివాడి గురించి చెప్పినట్టు నా భార్యకు చెప్పిన ఆ మనిషిని జన్మలో క్షమించనని ఇంకో ప్రమాణం కూడా చేశాను. ఆ రెండోది మాత్రం ఆయన కారులో ఇంటికొస్తూ, సీటు పాడవకుండా ఆయన పరిచిన పేపర్ మీద కూర్చుని, మనసులోనే చేయవలసి వచ్చింది.