పద్నాలుగు పాస్‌పోర్టుల సంచి

మా ముత్తాత సూరపరాజుగారు నాలుగు ఊళ్ల మొఖాసాదారు. ఆయన కొడుకు నరసరాజుగారి నాటికి ఊళ్లు చేజారినా మాట మిగిలింది. చుట్టుపక్కల రైతులు తమ పొలాల దస్తావేజులు మా ఇనప్పెట్టెలోనే దాచుకునేవారు. అందులోంచి ఒక్క కాగితం తప్పిపోయిందన్న మాట మా వంశంలో ఎవరూ పడలేదు. మొన్న పోస్టుమాన్ నా కొత్త పాస్‌పోర్టు తెచ్చి చేతిలో పెట్టినప్పుడు, రెండో చేత్తో దాన్ని కడుపుకు అదుముకునే సంతకం చేశాను. వయసు మీద పడిందనుకుని ఉంటాడు. ఆ అలవాటు వయసుది కాదు, 2007 నాటిది.

ఆ రోజుల్లో దుబాయ్‌లో పనిచేసినవారికి నేను చెప్పనక్కరలేదు, విమానం దిగిన రోజే పాస్‌పోర్టు కంపెనీ బీరువాలోకి వెళ్లిపోయేది, మళ్లీ సెలవు మీద ఊరికి బయలుదేరేటప్పుడే దాని ముఖం చూడటం. జేబులో లేబర్ కార్డు ఉంటే చాలు, అదే మన ఆనవాలు. అది తప్పని గాని, వింతని గాని మాలో ఎవరికీ తోచేది కాదు.

జెబెల్ అలీలో మా కంపెనీ యూరప్ నుంచి యంత్రాలు తెప్పించి అమ్మేది. ఆ ఏడు అమ్మకాలు బాగున్నాయని యంత్రాలు తయారుచేసేవాళ్లు మాలో పద్నాలుగుమందిని ఆస్ట్రియాలో ఒక సరస్సు ఒడ్డుకు వారం రోజులు విహారానికి పిలిచారు. రంజాన్ పండగ వెళ్లగానే ప్రయాణం. అక్కడి విమానాశ్రయంలో తనిఖీలు ముగియగానే మా ముదీర్, ఆఫీసు పెద్ద, అలవాటు కొద్దీ అందరి పాస్‌పోర్టులూ ఒక తోలుసంచిలో వేయించి, ఎవరికివ్వాలా అని చూసి నాకిచ్చాడు. తప్పు నాదే. భోజనాల దగ్గర మా ఇనప్పెట్టె కథ వాళ్లకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. కాదనడానికి నా పరువు ఒప్పుకోలేదు. సంచి మెడకు తగిలించుకుని స్వెట్టరు కింద దాచుకున్నాను.

ఆనాటి నుంచి నేను ఆ సరస్సును సరిగ్గా చూసిందే లేదు. పళ్లచక్రాల రైల్లో కొండెక్కాం, పసుపు ఆకులు రాలుతున్న అడవిలో నడిచాం, మబ్బులు మా కాళ్లకింద నీళ్లను మూసేయడం చూసి అందరూ కేకలు పెట్టారు. నేను మాత్రం ఒక చేయి కడుపు మీదే వేసుకుని, లోయ అంచున నిలబడినా నేను పడిపోతానని కాక సంచి పడిపోతుందని భయపడుతూ నడిచాను. అందరికంటే నెల్లూరు భాయ్‌ని చూస్తేనే నాకు ఎక్కువ భయమేసేది. గోదాములో నాతో పనిచేసే మనిషి, వచ్చే నెల భార్య కాన్పుకు ఊరికి వెళ్లాలని పండక్కి కూడా కొత్తబట్టలు కుట్టించుకోకుండా ఆమెకు చీరలు కొన్నవాడు. అతని ప్రయాణం నా కడుపు మీద వేలాడుతోంది.

అయిదోనాడు పెద్ద పడవలో అవతలి ఒడ్డుకు వెళ్లాం. లోపల హీటరు వేడికి ఉక్కపోసి స్వెట్టరు విప్పాను, సంచి తీసి కొక్కేనికి తగిలించాను. దిగండి దిగండి అన్న హడావిడిలో స్వెట్టరు తొడుక్కుని దిగిపోయాను. యాభై అడుగులు వేశాక చేయి అలవాటుగా కడుపు మీదికి వెళ్లింది. ఖాళీ. వెనక్కి తిరిగేసరికి పడవ మంచులో కలిసిపోతోంది.

ఎవరికీ చెప్పలేదు. మోకాలు నొప్పని అబద్ధమాడి రేవులో బల్ల మీద కూర్చున్నాను. పడవ గంటన్నరకు గాని తిరిగి రాదు. ఆ మంచులోంచి ఏ చప్పుడు వచ్చినా పడవేనని లేచి నిలబడేవాణ్ణి.

భాయ్ రెండు కప్పుల కాఫీతో వచ్చాడు. "ఏంది దొరా, పొద్దున ఆరోనెల్లో ఉండావు, ఇంతలోకే కాన్పయిపోయిందా?"

సంచి హోటల్లో ఉందన్నాను.

"హోటల్లోనా? స్నానానికి పోయినా చంకలో పెట్టుకొని పోతివే!" అని నవ్వబోయి నా ముఖం చూసి ఆగిపోయాడు. కప్పులు బల్ల మీద పెట్టి, "దొరా, మావన్నీ దాన్లోనే గదా," అన్నాడు, అంతే.

పడవ వచ్చింది. టికెట్లు చూసే నెరిసిన జుట్టావిడ చేతిలో సంచి ఉంది. ప్రాణం లేచివచ్చి, అది నాదేనన్నాను. ఆమె తెరిచింది, ఒక్కొక్కటే విప్పి ఫోటోలు చూసింది, నన్ను చూసింది. ఇంతమంది పాస్‌పోర్టులు నీ దగ్గరెందుకున్నాయని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది. నేను జేబులోంచి లేబర్ కార్డు తీసి చూపించాను. ఆమె ఫోను అందుకుంది. పోలీసులకేనని అర్థమైంది. భాయ్ "రుకో మేడమ్, రుకో!" అంటూ పరుగెత్తి అందరినీ పోగేసుకొచ్చాడు. ఆవిడ మమ్మల్ని బళ్లో పిల్లల్లా వరసలో నిలబెట్టి, ముఖం సరిచూసి, ఎవరిది వాళ్ల చేతికే ఇచ్చింది.

"ఇప్పటికి తీరిగ్గా జూస్తుండా నా మొగాన్ని, మీసం ఎంత నల్లగా ఉండిందో!" అన్నాడు భాయ్. అందరూ తమ తమ ఫోటోలు చూసుకుని నవ్వుకున్నారు. నేను నవ్వలేకపోయాను.

తిరుగు పడవలో ముదీర్ ఖాళీ సంచి వైపు చూపించాడు. మారుమాట లేకుండా అందరూ మళ్లీ అందులో వేశారు. ఆఖరున భాయ్, తనది సంచిలో వేయకుండా కాసేపు పట్టుకుని, తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. "నీ తాతల పెట్టిలో పెట్టుకో దొరా. ఈసారి ఉడికిపోయినా స్వెట్టరు మాత్రం తియ్యబాక."

ఒక్కరైనా తిట్టి ఉంటే బాగుండేది. అంత తేలిగ్గా మళ్లీ ఇచ్చేశారే, అది నా మీద నమ్మకమా, లేక ఇవ్వక గత్యంతరం లేని అలవాటా? ఆ ప్రశ్నే నన్ను ఊరిదాకా వెంటాడింది. మా తాతగారి ముందు కాగితాలు పెట్టిన రైతుల ముఖాలు ఎలా ఉండేవో అంతవరకు నేను ఎన్నడూ తలచుకోలేదు.

భాయ్ సమయానికి ఊరు చేరాడు, ఆడపిల్ల పుట్టింది. ఇప్పుడక్కడ చాలామంది పాస్‌పోర్టులు వాళ్ల దగ్గరే ఉంటున్నాయట. ఇక్కడ పొలం కాగితాలు కంప్యూటర్లో ఉన్నాయి. ఎవరి వస్తువూ ఎవరి దగ్గరా దాచనక్కరలేదు. మంచిదే, అయినా నా దగ్గర ఏదైనా ఉంచమని అడిగేవారు లేని ఈ ఇంట్లో చేతులు ఖాళీగా తోస్తాయి.

ఆ ఇనప్పెట్టెను దుబాయ్ నుంచి వచ్చిన ఏడే తూకానికి అమ్మేశాను, తాళంచెవితో సహా.