తొందరపెట్టి ఆరబెట్టారు

మా మాస్టారు పోయారండి. ఆ కబురు మా సెల్ రిపేర్ షాపుకొచ్చిన ఇంజనీరింగ్ కుర్రాడి నోట విన్నాను. "మా ల్యాబులో ఇదివరకు గాజుసామాను కడిగే ఆయన పోయాడంట" అన్నాడు. కడిగే ఆయనా? వాడి ఫోను వాడికిచ్చేసి షాపు మూసేశాను.

భీమవరంలో ఆ కాలేజీ ల్యాబ్ అసిస్టెంటు ఆయన. నేను పది తప్పినోణ్ణి. నేను రోజూ మార్చే ఫోను తెరలు ఎందుకు వెలుగుతాయో చెప్పింది ఆయనే, డిగ్రీలున్నోళ్ళు కాదు. "కర్బనం అణువుల పనిరా ఇది. అణువు మంచిదైతే చాలదు, పేర్పు కుదరాలి" అనేవారు. సైకిల్ షెడ్డు కప్పు చూపించేవారు. "పెంకు మీదకి పెంకు ఎంత ఎక్కిందో చూడు. కొంచెం జరిగితే కారిపోద్ది. అణువులూ అంతే. వరస కుదిరితే కరెంటు ఒకదాన్నుంచి ఇంకోదానికి దాటుద్ది. చెదిరితే దారి దొరక్క ఆగిపోద్ది. మందు అదే, సీసా అదే!"

టీ కూడా ఊదుకుని తాగేవారు కాదు. దానంతటది చల్లారాల్సిందే.

ఇన్‌స్పెక్షన్ రోజున, బాగుచేసిన మీటరు ఇవ్వడానికెళ్ళి ఆ ల్యాబు గుమ్మంలో ఉన్నాను. మాస్టారు కర్బనం మందు కరిగించి గాజుపలక మీద పోసిన ద్రావణం మూత కింద ఇంకా తడిగానే ఉంది. డిపార్ట్‌మెంట్ హెడ్ గారు మూత తీయించి హెయిర్ డ్రయ్యర్ పెట్టించారు.

"రెండ్రోజులు ఆగండి సార్. అణువుల్ని వరసలో నిలబడనివ్వండి" అన్నారు మాస్టారు.

"నువ్వా నాకు చెప్పేది?"

పలక ఐదు నిమిషాల్లో ఆరింది. కరెంటు దాటలేదు, మీటరు ముల్లు కదల్లేదు. వచ్చినవాళ్ళ ముందే, "మందు కల్తీ చేశాడు" అన్నారు హెడ్ గారు. ఆ నెలలోనే మాస్టార్ని పంపించేశారు.

కల్తీ కాదండి! అదే సీసాలోంచి తీసి, ముందు వారం మెల్లగా ఆరనిచ్చిన పలక మీద ముల్లు లేవడం నా కళ్ళతో చూశాను. చూసి కూడా ఆ రోజు నోరెత్తలేదు. ఈ కోపంలో సగం నా మీదే. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

పదకొండో రోజున వాళ్ళింటికెళ్ళాను. ఇరుకు గది, ఒకటే ఉక్క. హెడ్ గారూ వచ్చారు. చెమటకి చొక్కా తడిసిపోయి, ఫ్యాను స్విచ్చి మీద చెయ్యి వేశారు.

"వెయ్యకండి" అన్నారు మాస్టారి భార్య. "పోయేముందు ఆయన పెట్టిన పలక ఇంకా ఆరలేదు."

హెడ్ గారు చెయ్యి తీసేశారు. అలమరలో, వెంట్రుకంత సందు వదిలి బోర్లించిన గాజుగిన్నె కింద, పలక మీద ఎర్రటి సూదుల్లాంటి స్ఫటికాలు పక్కపక్కనే పడుకుని ఉన్నాయి. తడి ఇంకా ఉన్న అంచున, మెల్లగా పెరుగుతున్నాయి.