మా బాబాయి చప్పట్లు

మా బాబాయి పాటలు వినడు. చప్పట్లు వింటాడు.

పోయిన నెల గ్యాస్ బండ తెచ్చినతను బాబాయి ఇంటి గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టగానే ఇరవై వేలమంది ఒక్కసారిగా చప్పట్లు కొట్టి, ఈలలు వేశారు. అతను అటూ ఇటూ చూసి, భుజం మీది బండ దించి, వినయంగా నమస్కారం పెట్టాడు. దించింది నా కాలి మీద.

"కాస్త మెల్లిగా అరువురా, ఈలలు వినబడటం లేదు" అన్నాడు బాబాయి.

ఆయనది వాచీలు బాగుచేసే పని. ముందుగదిలోనే బల్ల, పట్టకార్లు, కంటికి తగిలించుకునే భూతద్దం. పక్కన రికార్డ్ ప్లేయరు. దాని మీద ఎప్పుడూ ఒకటే రికార్డు: ఏదో రాక్ బృందం నలభై ఏళ్ళ కిందట చేసిన కచేరీ. టేపులు ఏ గోడౌన్లోనో మూలపడి ఉంటే, ఈమధ్యే ఎవరో దుమ్ము దులిపి బయటికి తెచ్చారట. గాయకుడి దగ్గు, మైకు కీచుమనడం, దేన్నీ వదల్లేదు.

"చప్పట్లు ఒక్క సెకను కూడా కత్తిరించలేదురా! అదీ నిజాయితీ అంటే."

"మరి పాటల సంగతేంటి, బాబాయ్?"

"మధ్యమధ్యలో ఉన్నాయనుకుంటా."

రికార్డు అట్ట మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకున్నాడు. రెండో పాట తర్వాత మర్యాద చప్పట్లు. నాలుగో పాట తర్వాత మనస్ఫూర్తివి. చిట్టచివర, పూనకం. వాచీల చెయ్యి కదా, ముల్లుని సరిగ్గా పాట ముగిసేచోట దించుతాడు, వెంట్రుకవాసి తేడా రాదు. చప్పట్లు కాగానే ఎత్తేస్తాడు. తర్వాతి పాట నోరు తెరిచేలోపే నోరు మూసుకోవాల్సిందే.

పిన్నికి ఒళ్ళు మంట. "ఆ కొట్టినవాళ్ళకి ఈపాటికి మనవలు పుట్టుంటారు. ఇంకా చేతులు నొప్పెట్టలేదా? ముప్పయ్యేళ్ళుగా వండిపెడుతున్నా, నాకు ఒక్కరైనా కొట్టారా?"

పై వాటాలో రిటైరైన బస్సు డ్రైవరుగారుంటారు. మెట్ల మీద జారి ఎడమచెయ్యి విరగ్గొట్టుకున్నారు. కట్టు విప్పాక చూస్తే వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. చొక్కా గుండీలు కూడా వాళ్ళావిడే పెట్టాలి. రోజూ వేళ్ళకి పని చెప్పకపోతే అలాగే బిగుసుకుపోతాయని డాక్టరు హెచ్చరించాడు. రబ్బరు బంతి నొక్కీ నొక్కీ విసుగెత్తి ఆయన గిటారు కొనుక్కున్నారు. బస్సు నడిపినట్టే వాయిస్తారు: ప్రతి స్టాపులోనూ ఆగుతారు.

పిన్ని పోరు పడలేక ఒకరోజు నేనే ఆ రికార్డు పట్టుకెళ్ళి, పక్క వాటాలో మా బీరువా వెనక దాచాను.

సాయంత్రం ఐదయింది. పైన గిటారు మొదలైంది. తడబడింది, ఆగింది, మళ్ళీ కదిలింది, ఎలాగో పాట చివరికి చేరింది. బాబాయి చెయ్యి అలవాటుగా ముల్లు మీదికి వెళ్ళింది. కింద రికార్డు లేదు. బల్ల కింద వెతికాడు, మంచం కింద దూరాడు.

"ఒరేయ్, రికార్డేదిరా?"

"ఒక్కరోజు వినకపోతే నీకేమవుతుంది బాబాయ్?"

"నాకేమవుతుందిరా! పై వాటా ఆయన మొన్నామధ్య గిటారు అమ్మేస్తానన్నాడు. 'ఈ వయసులో నా వాయింపు ఎవరిక్కావాలండీ, నలుగురూ నవ్వుకోడానికి తప్ప' అని. వాయించడం మానేస్తే ఆ వేళ్ళేం కావాలి?"

పై కిటికీలోంచి గిటారు సంచి జిప్పు లాగుతున్న చప్పుడు వినిపించింది.

"తెస్తానుండు, మా ఇంట్లోనే..."

"నువ్వు తెచ్చేలోపు ఆయన మూట కట్టేస్తాడు. కొట్టు!"

ఇరవై వేలమంది పని ఇద్దరి మీద పడింది. అరచేతులు ఎర్రబడ్డాయి. "ఈల వెయ్యరా!" అన్నాడు బాబాయి. వేశాను. ఈల రాలేదు, గాలి పోతున్న సైకిల్ ట్యూబు చప్పుడొచ్చింది. వంటింట్లోంచి గరిటెతో వచ్చిన పిన్ని మా వాలకం చూసింది. పైకప్పు వంక చూసింది. "ఇన్నాళ్ళూ ఇదా సంగతి! ముందే ఏడవచ్చుగా!" అని, ఓ పళ్ళెం లాక్కుని గరిటెతో దడదడలాడించింది.

పైన జిప్పు ఆగింది. కాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడు. డ్రైవరుగారు చొక్కా పై గుండీతో తనే కుస్తీ పడుతూ గుమ్మంలోకొచ్చారు. ఎర్రబడ్డ మా చేతులకేసి, పిన్ని పళ్ళెంకేసి, ఖాళీ రికార్డ్ ప్లేయరుకేసి చూశారు.

"ఏంటండీ, ఇవాళ జనం మరీ పలచబడ్డారు?" అన్నారు నిష్ఠూరంగా.

"తక్కువే సార్, కానీ ఇవాళ కొట్టినవాళ్ళంతా మీ పాట విన్నవాళ్ళే!" అన్నాడు బాబాయి.